కోడి సంగతి దానికెవరూ చెప్పలేదు

మంగళవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. "శనివారం, ఉదయం ఆరు గంటలు. గుడ్లు తిప్పడం పూర్తయింది." పంపింది మా కొత్త ఇంక్యుబేటర్. మొన్నటి శనివారం కాదు, అంతకు ముందు శనివారం. తేదీ కూడా వేసి మరీ చెప్పింది. ఆ శనివారం నాటికి అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. అట్టపెట్టె మెట్ల కింద ఉంది. దాని మీద మా అత్తయ్య ఉల్లిపాయలు ఆరబెట్టింది.

ఏదో పొరపాటులే అని ఫోన్ బోర్లించాను. ముద్ద నోట్లో పెట్టుకునేలోగా మళ్ళీ మోగింది. అదే శనివారం, పది గంటలది పూర్తయిందట. ఇంకో ముద్దకి మధ్యాహ్నం రెండింటిది. ఒక అబద్ధం చెబితే నాలుక జారిందనుకుని వదిలేస్తాం, వరసపెట్టి చెబుతుంటే మాత్రం వెళ్ళి మొహం చూడాల్సిందే. కంచంలోనే చెయ్యి కడిగి లేచాను.

గుడ్ల గది ఇంటి వెనకవైపు ఉంటుంది. నేను వెళ్ళేసరికి అద్దం తలుపు వెనక ట్రే ఎడమకి వాలుతోంది. వాలి, ఒక్క క్షణం ఆగి, బొయ్యిమంటూ కుడికి లేచింది. అక్కడా ఒక్క క్షణం ఆగి మళ్ళీ ఎడమకి. నాలుగు గంటలకోసారి మాత్రమే వాలాల్సిన ట్రే అది. దాని మీద పన్నెండు బాతు గుడ్లు ఉయ్యాల ఊగుతున్నాయి. అటు వాలితే ఒక మెసేజ్, ఇటు వాలితే ఒక మెసేజ్. శనివారం అయిపోయి అప్పుడే ఆదివారంలోకి వచ్చేసింది.

అత్తయ్య వెనకే వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏం తిక్క రేగిందే దీనికి?"

"తెలియదత్తయ్యా. ఎప్పటివో చేశానంటోంది."

"ఎప్పటివో అంటే?"

"మన ఇంటికి గుడ్లు రాకముందువి."

అత్తయ్య కొంగు నడుముకి బిగించింది. ఆవిడ కొంగు బిగించిందంటే విషయం పెద్దదని అర్థం.

మాది గుడ్లు పొదిగించే ఇల్లు. జనం గుడ్లు తెచ్చిస్తారు, మేం పిల్లల్ని చేసిస్తాం. అత్తయ్య చెక్కపెట్టె, బల్బు పెట్టుకుని మొదలుపెట్టిన పని ఇది. గుడ్డుకి ఒకవైపు ఇంటూ, ఇంకోవైపు సున్నా పెన్సిల్‌తో గీసి, వేళకి లేచి ఒక్కొక్కటీ చేత్తో తిప్పేది. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకి అంటుకుపోతుంది. ఇప్పుడు పెద్ద ఇంక్యుబేటర్ ఒకటుంది. అది నిండిపోతోందని చిన్నది ఇంకొకటి కొన్నాం. మా మరిది ఒక పెద్ద గోడౌన్ ఆఫీసులో పనిచేస్తాడు. అక్కడ వేళకి రిపోర్టులు వాటంతటవే వెళ్ళేలా చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందట, దాన్నే ఒక పాత కంప్యూటర్‌లో వేసి, ఆ కంప్యూటర్ని కొత్త ఇంక్యుబేటర్ ట్రే మోటారుకి తగిలించాడు. వేడి చూసుకో, ట్రే వాల్చు, వదినకి మెసేజ్ పెట్టు. ఈ మూడు పనులూ నాలుగు గంటలకోసారి చెయ్యాలి. ఆదివారం అంతా దాని ముందు కూర్చుని, "ఇంక మీరు కాలు మీద కాలు వేసుకు కూర్చోవచ్చు" అని వెళ్ళాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరగాల్సి వస్తోందని అత్తయ్య దానికి కొత్తల్లుడని పేరు పెట్టింది.

ఆ పన్నెండు గుడ్లూ బాతులావిడవి. ఈవిడ బాతుల్ని గుడ్ల కోసమో మాంసం కోసమో పెంచదు. తోటల్లో నత్తలు తినిపించడానికి పెంచుతుంది. ఆకుకూరలు వేసినవాళ్ళు కబురు పెడితే మందని తోలుకెళ్ళి మళ్ళలో వదులుతుంది. మామూలు బాతులైతే నత్తతో పాటు ఆకునీ పీక్కు తింటాయి. ఈవిడవి తినవు. ఆకు మీద ముక్కు పెట్టిన బాతుని ఈవిడ వాళ్ళమ్మ అదే రోజు అమ్మేసేదట, ఆవిడ తల్లి కూడా అంతే. అలా వడబోసుకుంటూ వచ్చిన మంద అది. కిందటి నెల తెగులొచ్చి మంద మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మిగిలినవి ముందుగా ఏరి పెట్టుకున్న ఈ పన్నెండు గుడ్లే. పక్కింటి కోడి కింద పెట్టింది. పదో రోజు దాకా బుద్ధిగా కూర్చున్న ఆ కోడి సోమవారం రాత్రి గూడు వదిలి లేచిపోయింది. మంగళవారం పొద్దున ఆవిడ గుడ్లని ఉన్ని శాలువాలో చుట్టి, శాలువాని గుండెలకి అదుముకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"రాత్రి మొద్దునిద్ర పోయానమ్మా. అది ఎప్పుడు లేచిందో తెలీదు. నేను చూసేసరికి చల్లగా ఉన్నాయి" అంది. ఆ మాట రెండుసార్లు చెప్పింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఇవి పోతే నేను ఇంకో పని వెతుక్కోవాలి. నాకు ఇంకో పని రాదు" అంది.

పెద్ద ఇంక్యుబేటర్‌లో ఖాళీ లేక ఆ గుడ్లని కొత్తదాంట్లో పెట్టాను. స్క్రీన్ మీద మరిది చెప్పినట్టే గడులు నింపి, మొదలుపెట్టు అన్న బటన్ నొక్కి అన్నానికి కూర్చున్నాను. అంతే నేను చేసింది.

"ముందు దాన్ని ఆపెయ్" అంది అత్తయ్య.

స్క్రీన్ మీద ఆపు అన్న బటన్ నొక్కాను. "వరసలో ఉన్న పనులు పూర్తయ్యాక ఆగుతుంది" అని మర్యాదగా జవాబిచ్చి మళ్ళీ వాలింది. ఇంత మర్యాద నాకు నచ్చదు. ప్లగ్గు పీకేశాను. ట్రే ఆగింది. దాంతోపాటు వేడి కూడా ఆగింది, రెండిటికీ ప్లగ్గు ఒక్కటే. థర్మామీటర్ వైపు చూస్తూ మరిదికి ఫోన్ చేశాను.

"ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి వదినా, సర్దుకుంటుంది."

"ఆపాను."

"అయితే పెట్టండి."

పెట్టాను. కంప్యూటర్ ఒళ్ళు విరుచుకుని లేచింది. ఒక నిమిషం నిశ్శబ్దం. "చూశారా" అన్నాడు ఫోన్‌లో. అంతలో ఇంకో మెసేజ్ వచ్చింది. ఆదివారం, సాయంత్రం ఆరు గంటలు. ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడే అందుకుంది. మా అత్తయ్య తిట్లు కూడా ఇలాగే ఉంటాయి, మధ్యలో చుట్టాలొచ్చి కాఫీ తాగి వెళ్ళినా ఆగిన మాట దగ్గరే మళ్ళీ మొదలవుతాయి.

"మా ఆఫీసులో ఎప్పుడూ ఇలా చెయ్యలేదు వదినా. సాయంత్రం వచ్చి చూస్తాను" అన్నాడు మరిది. గొంతులో భయం కంటే సరదానే ఎక్కువ వినిపించింది. నాకు ఒళ్ళు మండింది.

మళ్ళీ ప్లగ్గు పీకాను. ట్రే పెట్టె నిండా ఉంటుంది, దాని కింద నీళ్ళ పళ్ళెం. గుడ్లు తీసి లోపలే ఇంకోచోట పెడదామంటే చోటు లేదు. చెక్కపెట్టె అటక మీద ఉంది, దించి వేడెక్కించేసరికి సాయంత్రమవుతుంది. ప్లగ్గు పెడితే గుడ్లు ఊగుతాయి, తీస్తే చల్లబడతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ ప్లగ్గు చేతిలో పట్టుకున్నప్పుడు తెలిసింది.

"రాత్రంతా చలిలో ఉన్నాయి. ఇంకోసారి చల్లబడితే తట్టుకోలేవు. ఊగితే ఊగనీ అత్తయ్యా" అన్నాను.

"ఊగీ ఊగీ లోపల నరాలు తెగితే?"

"తెగుతాయో లేదో తెలీదు. చల్లబడితే మాత్రం పోతాయని తెలుసు."

ప్లగ్గు పెట్టేశాను. పెట్టి, అద్దం ముందు ఇద్దరం చెరో బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాం. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. మెసేజ్‌లు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. మొదట భయపడ్డాను. కాసేపయ్యాక, ఒప్పుకోవద్దూ, కుతూహలం మొదలైంది. ఎక్కడి దాకా పోతుందిది? నిన్నటి దాకానా, రేపటిలోకి కూడా వెళ్ళిపోతుందా? అత్తయ్య కూడా అదే ఆలోచిస్తోంది కాబోలు, "ఇప్పుడే వారం?" అని అడుగుతోంది, నేను చదివి చెబుతున్నాను. నిన్నటి సోమవారం వచ్చింది. రాత్రి పది గంటలు పూర్తయింది. తెల్లవారుజామున రెండు పూర్తయింది. ఇవాళ ఉదయం ఆరు. ఇవాళ పది. అక్కడ ట్రే ఆగింది. తర్వాత మధ్యాహ్నం రెండింటిది మాత్రం సరిగ్గా వేళకి, ఏమీ ఎరగనట్టు, ఒక్కసారి పెద్దమనిషిలా వాలి ఊరుకుంది.

సరిగ్గా ఇప్పటి దాకా వచ్చి ఆగింది. అంటే తిక్క కాదు. దానికేదో లెక్క ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో దానికెవరో చెప్పారు.

ఎవరో ఏమిటి, నేనే.

మా ఇంట్లో తేదీలుండవు, రోజులుంటాయి. గుడ్డు పొదుగులో పెట్టిన రోజు మాకు మొదటి రోజు. గోడ మీద క్యాలెండర్ ఉంది కానీ దాన్ని చూసేవాళ్ళు లేరు. మన పెళ్ళిరోజు ఎప్పుడో చెప్పమంటే మా ఆయన, "టర్కీ గుడ్లు పద్నాలుగో రోజున ఉన్నాయప్పుడు" అంటాడు. గుడ్డు మీద, ట్రే మీద, తలుపు మీద, ఎక్కడ తేదీ రాయమన్నా మా చెయ్యి పెట్టిన రోజే రాస్తుంది. స్క్రీన్ మీద ప్రారంభ తేదీ అని ఒక గడి ఉంది. బాతులావిడ గుడ్లు కోడి కింద పెట్టింది ఆ శనివారం. నేను ఆ శనివారమే కొట్టాను. ఇందులో ఆలోచించడానికేముంది? గుడ్లకి వేరే ప్రారంభం ఏముంటుంది?

సాయంత్రం మరిది వచ్చాడు. బూట్లు కూడా విప్పకుండా స్క్రీన్ ముందు కూర్చుని, కిందికి కిందికి జరిపి, చీమ కాళ్ళంత అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం చూపించాడు. "ప్రారంభ తేదీ నుంచి జరగనివన్నీ పూర్తి చెయ్యి." దాని పక్కన టిక్కు ముందే పెట్టి ఉంది.

"నేనెప్పుడూ ఆ రోజు తేదీయే ఇస్తాను వదినా. అందుకే ఇది ఉందని నాకూ తెలీదు."

"ఇంజినీరువి కదరా" అంది అత్తయ్య.

"ఇంజినీరైతే అన్నీ చదువుతారా అమ్మా?"

బాతు గుడ్లున్న పెట్టె జోలికి వెళ్ళొద్దని నేను అడ్డంగా నిలబడ్డాను. అసలు ఇది ఎలా ఆలోచిస్తుందో చూడాలని ముగ్గురికీ ఉంది. అందుకని మరిది తన లాప్‌టాప్‌లో అదే సాఫ్ట్‌వేర్ తెరిచి, ట్రే బదులు వరండాలో బల్బుని తగిలించాడు. నాలుగు గంటలకోసారి బల్బు వెలిగి ఆరాలి. నిన్నటి తేదీ ఇచ్చాడు. బల్బు ఒక రోజు బాకీ గబగబా మినుక్కుమని తీర్చేసి ఊరుకుంది. ఇవాళ్టి తేదీ, ఈ గంట ఇచ్చాడు. ఏమీ లేదు. రేపటి తేదీ ఇచ్చాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"రేపటి పనికి దీనికి తొందర్లేదు. నిన్నటి పనికే తొందర" అంది అత్తయ్య. ఆవిడకి మంచి ఉత్సాహం వచ్చేసింది. "నా పెళ్ళి తేదీ ఇవ్వు చూద్దాం."

"అమ్మా, అది తెల్లారే దాకా ఆగదు."

"ఇవ్వరా."

ఇచ్చాడు. వరండాలో బల్బు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎదురింటివాళ్ళు కిటికీ తీసి చూశారు. అత్తయ్య కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ మినుకు చూస్తూ నవ్వింది.

"అంటే ఇది రాకముందు ఇంట్లో ఎవరూ ఏ పనీ చెయ్యలేదనే దీని ఉద్దేశం. దీనికి కొత్తల్లుడని పేరెవరు పెట్టారు? కొత్త కోడలని పెట్టాల్సింది."

మరిది పకపకా నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలో వంటింటి డబ్బాలన్నీ దింపి, కడిగి, మళ్ళీ సర్దింది నేనే. అంతకు ముందు రోజే అత్తయ్య వాటిని కడిగి సర్దిందని నాకెవరూ చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయింది, ఇన్నేళ్ళకి బల్బు పుణ్యమా అని బయటపెట్టింది.

సరిగ్గా అప్పుడు బాతులావిడ గేటు తీసుకుని వచ్చింది.

"బల్బు పాడైందా అక్కా?" అంది అత్తయ్యతో.

అత్తయ్య నాకేసి చూసి కళ్ళతోనే వద్దంది. గుడ్లకి లైటు పట్టి లోపల ఎలా ఉన్నాయో చూశాక చెబుదామని ఆవిడ ఆలోచన. మంచి ఆలోచనే. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు. పైగా బాతులావిడ గుడ్లతో ఆ మధ్యాహ్నం అంత జరిగితే, మేం ఇక్కడ బల్బుతో ఆడుకుంటూ నవ్వుతున్నాం. నాకు సిగ్గేసింది. మొత్తం చెప్పేశాను. తేదీ వేసింది నేనేనని కూడా చెప్పాను. మరిది లాప్‌టాప్ మూసేశాడు. బల్బు ఆరిపోయింది.

బాతులావిడ మెట్టు మీద కూర్చుంది. తిడితే బాగుండును అనుకున్నాను. చివరికి ఒకే ప్రశ్న వేసింది.

"కోడి రోజుకెన్నిసార్లు తిప్పుతుందమ్మా?"

నేను అత్తయ్యని చూశాను. అత్తయ్య నన్ను చూసింది. ఇన్నేళ్ళుగా గుడ్లు పొదిగించే ఇల్లు మాది. మేమెన్నిసార్లు తిప్పాలో తెలుసు. కోడి ఎన్నిసార్లు తిప్పుతుందో ఇద్దరికీ తెలీదు.

మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళాను. మావి నాలుగు కోళ్ళున్నాయి, అందులో ఎర్రది పొదుగులో ఉంది. దాని గంప ముందు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. కొంతసేపు అది నన్ను అనుమానంగా చూసింది. తర్వాత నేను పనికిమాలినదాన్నని తేల్చుకుని కళ్ళు మూసింది. నిద్రపోయిందనుకున్నాను. అంతలో కొద్దిగా లేచి, మెడ కిందికి వంచి, అంచున ఉన్న గుడ్డుని ముక్కుతో లోపలికి లాక్కుంది. లోపలిది అంచుకి వెళ్ళింది. కాళ్ళతో అటూ ఇటూ సర్ది, రెక్కలు దింపి కూర్చుంది. ఇంక లేవదనుకుని నేను కాలు చాపుకునేలోగా మళ్ళీ లేచింది. కుదురుగా కూర్చున్న మనిషిని పొదుగులో కోడిలా కూర్చుందంటాం మేం. అది కుదురుగా ఉంటేగా. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, వేళ్ళు చాలక మధ్యలోనే మానేశాను. మా పెట్టె ఆ మధ్యాహ్నం ఊపిన ఊపంతా కలిపితే ఈ కోడి ఒకటి రెండు రోజుల్లో చేసే పని. పాపం దానికి మెసేజ్ పెట్టే అలవాటు లేదు కనక మాకు తెలియలేదు.

పరిగెత్తినంత పని చేసి బాతులావిడ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఖాళీ బాతుల దొడ్డిలో సున్నం చల్లుతోంది. చీపురు పట్టుకునే విన్నది.

"కోడి తిప్పి కూర్చుంటుందమ్మా. ఇది తిప్పి మళ్ళీ తిప్పింది. రెండూ ఒకటేనా?"

"తెలీదు పిన్నీ."

"సరే. చూద్దాం" అని సున్నం చల్లుకుంది. పిల్లలు వస్తాయో రావో తెలియకుండానే దొడ్డి శుభ్రం చేసుకుంటోంది. నాకు దుఃఖం ఆగలేదు, గేటు దాకా వచ్చి అక్కడ ఏడ్చాను.

రెండు రోజులు ఆగి, గుడ్ల గది కిటికీ మూసి, టార్చి లైటు పట్టి చూశాం. బాతులావిడ కూడా ఉంది. మొదటి గుడ్డు ఉత్తది, పిల్ల కట్టలేదు, నిమ్మకాయలా పచ్చగా వెలిగింది. అది కోడి కింద పెట్టినప్పుడే ఉత్తది, దాని పాపం ఎవరికీ రాదు. రెండో గుడ్డులో ఎర్రటి సన్నటి నరాలు కనిపించాయి. మధ్యలో నల్లటి చుక్క. చూస్తుండగా ఆ చుక్క కదిలింది. మిగతా పదీ అలాగే ఉన్నాయి.

"బతికున్నాయి" అన్నాను.

"ఇప్పటికి" అంది అత్తయ్య. "తల ఎటు పెట్టుకున్నాయో బయటికొచ్చే రోజు కదా తెలిసేది. అంత ఊగాక పైనేదో కిందేదో వాటికి మాత్రం ఏం తెలుస్తుంది?" ఆవిడ మొదటి నుంచీ ఇవి రావనే అంటోంది. రావని అంటూనే నీళ్ళ పళ్ళెం ఎండిపోకుండా నా కంటే ముందు లేచి చూసుకుంటోంది.

ఆ తర్వాత ఇంక్యుబేటర్ బుద్ధిమంతురాలైంది. నాలుగు గంటలకోసారి వాలడం, మెసేజ్ పెట్టడం. ఆఖరి మూడు రోజులూ గుడ్లు అసలు కదపకూడదు, పిల్ల బయటికొచ్చే వైపు తల సర్దుకుంటుంది. ముగింపు తేదీ ఇస్తే చాలు వదినా అన్నాడు మరిది. ఈసారి తేదీలతో నాకు పని లేదని ట్రే మోటారు వైరే విప్పేశాను. విప్పిన వైరు మళ్ళీ తగిలిస్తే ఈ మూడు రోజులవీ కలిపి చేస్తుందా అని అడిగింది అత్తయ్య. ఆ ప్రశ్నకి మరిది నోరు తెరిచి, ఆలోచించి, వెళ్ళి టిక్కు తీసేశాడు. నేను ఒక కాగితం మీద ముట్టుకోవద్దని రాసి తలుపుకి అంటించాను. యంత్రం చదవదని తెలుసు, నా తృప్తి నాది.

ఇరవై ఏడో రోజు మధ్యాహ్నం ఒక గుడ్డు మీద చిన్న పగులు కనిపించింది. బాతులావిడకి కబురు చేశాం. ఆవిడ వచ్చి అద్దం ముందు బకెట్టు మీద కూర్చుంది, సాయంత్రం దాకా లేవలేదు. పగులు పగులులాగే ఉంది. ఇరవై ఎనిమిదో రోజు పొద్దున ఇంకో నాలుగు పగుళ్ళు కనిపించాయి. అత్తయ్య ఇక రావనడం మానేసింది. వినిపిస్తోందా అని గాజు తలుపుకి చెవి ఆనించాను. లోపల సన్నగా, సూది మొనతో పెంకుని గీకుతున్నట్టు టిక్ టిక్ మంటోంది. ఏ గుడ్డులోంచో తెలియలేదు.

పది దాటాక మొదటి గుడ్డు మూత ఊడింది. తడిసిన పిల్ల ఒకటి మెడ బయటపెట్టి, ఆ బరువు మొయ్యలేక మెడ వాల్చేసి, కాసేపు అలాగే పడుకుంది. బాతులావిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, రక్తం ఆగిందనిపించింది. పిల్ల తన్నుకుని బయటపడి, లేచి, నిలబడింది. పడింది. మళ్ళీ నిలబడింది. అత్తయ్య తలుపు దగ్గర మొహం పెట్టి, "తల తిన్నగానే ఉంది" అంది. అని, కళ్ళు తుడుచుకుంది. మర్నాడు మధ్యాహ్నం అయ్యేసరికి తొమ్మిది పిల్లలొచ్చాయి. రెండు గుడ్లు మాత్రం చివరిదాకా అలాగే ఉండిపోయాయి. అవి చలికి పోయాయో, ఊపుకి పోయాయో, వాటి ఆయుష్షే అంతో నాకు తెలీదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను.

ఒళ్ళారిన పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటుంటే, బాతులావిడ నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మా, ఆ మెసేజ్‌లు ఇంకా ఉన్నాయా? ఆ రోజు వచ్చినవి."

ఉన్నాయి. తప్పుడు లెక్కలు ఎందుకు, తీసెయ్యమని మరిది రెండుసార్లు చెప్పాడు. నాకే ఎందుకో మనసొప్పక ఉంచాను.

"సోమవారం రాత్రివి చదువు."

వెతికి చదివాను. "సోమవారం, రాత్రి పది గంటలు. గుడ్లు తిప్పడం పూర్తయింది. మంగళవారం, తెల్లవారుజామున రెండు గంటలు. గుడ్లు తిప్పడం పూర్తయింది. మంగళవారం, ఉదయం ఆరు గంటలు. గుడ్లు తిప్పడం పూర్తయింది."

ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. కోడి లేచిపోయిన రాత్రి అది. ఆవిడ మొద్దునిద్ర పోయానన్న రాత్రి.

"మిగతా రోజులన్నీ కోడి చేసినవే ఇది మళ్ళీ చేసింది. కోడి సంగతి దానికెవరూ చెప్పలేదు కదా" అంది మెల్లగా. "ఈ మూడు మాత్రం ఎవరూ చెయ్యనివే."

"పిన్నీ, ఇది చేసింది ఆ రాత్రి కాదు. మర్నాడు మధ్యాహ్నం, నేను అన్నం తింటున్నప్పుడు." ఇలాంటప్పుడు నోరు మూసుకుంటే బాగుండునని నాకూ తెలుసు.

"తెలుసమ్మా. ఆలస్యంగానే చేసింది. చేసింది కదా."

ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను. తర్వాత ఆవిడ ముక్కు చీదుకుని, పిల్లల్ని దేంట్లో తీసుకెళ్ళాలి అని అడిగింది. నేను మెట్ల కిందికి వెళ్ళి, అట్టపెట్టె మీది ఉల్లిపాయలు నేల మీదికి దింపి, కత్తితో దానికి గాలి రంధ్రాలు పెట్టాను.